మస్టరు చదివిన ఊరు మందుల రిజిస్టరు చదవదా?

సంపాదకుల వారికి,

కుక్క కరిచిన పిల్లాణ్ణి భుజాన వేసుకుని ఒక తండ్రి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చాడు. ఓపీ చీటీ రాశారు, గాయాన్ని సబ్బు పెట్టి కడిగారు. సూది మందు మాత్రం లేదు. "ఇండెంటు పెట్టాం, ఇంకా రాలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోండి" అంది నర్సమ్మ. ఆమె అబద్ధమాడలేదు. కానీ కుక్కకాటు సూది ఒక్కరోజుతో తీరేది కాదు. మూడో రోజు పోవాలి, ఏడో రోజు పోవాలి, పోయిన ప్రతిసారీ ఆటో ఖర్చుతో పాటు ఆనాటి కూలీ పోతుంది. ఆ తండ్రి ఆటో కోసం నిలబడ్డ చోట, వెనక గోడ మీద ఒక నీలం బోర్డు ఉంది. ఆసుపత్రి అభివృద్ధి కమిటీ అని పెద్ద అక్షరాలు, కింద చైర్మను, సభ్యుల పేర్లు. అందులో ఒకాయనకు పదవి పోయి చాలా కాలమైంది. ఇంకొకాయన మనిషే పోయాడు. ఆ కమిటీ కూర్చోగా చూశామన్నవాళ్లు ఆ ఊళ్లో ఈ ఉత్తరం రాస్తున్నవాడికి ఒక్కరూ దొరకలేదు.

కమిటీలకు కరువు లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాల్లో ఆరోగ్యం ఒకటని, ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలు అందులోకే వస్తాయని పదకొండో షెడ్యూలులో రాసుకున్నాం. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చి ఊరికో ఆరోగ్య, పారిశుధ్య కమిటీ, ఆసుపత్రికో రోగి కల్యాణ సమితి పెట్టమంది. ఊరి కమిటీకి ఏడాదికి 10,000 రూపాయలన్నారు. 2020లో జన ఆరోగ్య సమితులంటూ మరో వరస కమిటీలకు మార్గదర్శకాలు వచ్చాయి. ఇన్ని ఉండీ సూది ఎందుకు లేదో ఆ తండ్రి అడగడానికి ఒక కుర్చీ లేదు, ఒక తేదీ లేదు.

రోగి కల్యాణ సమితి పుట్టుక తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1994లో సూరత్‌లో ప్లేగు పుట్టి దేశం వణికిపోయినప్పుడు ఇందోర్‌లోని మహారాజా యశ్వంతరావు ఆసుపత్రి ఎలుకల పుట్టలా ఉండేది. రోగుల్ని వేరేచోటికి తరలించి, భవనం ఖాళీ చేయించి, ఎలుకల్ని పట్టించి, కడిగించి మళ్లీ తెరిచారు. నగర ప్రజలు విరాళాలిచ్చారు, చేతులు కలిపారు. ఇంత చేశాక ఆసుపత్రిని మళ్లీ పాతదారిన వదిలేయడమెందుకని స్థానికులతో ఒక సమితి ఏర్పాటు చేశారు. అదే మధ్యప్రదేశ్ అంతటా పాకి, ఆ తర్వాత దేశమంతటికీ నమూనా అయింది. దారిలో ఏం జరిగిందంటే, బ్యాంకు ఖాతా మిగిలింది, జనం జారిపోయారు. అధ్యక్ష స్థానంలో కలెక్టరో ఎమ్మెల్యేనో, కార్యదర్శిగా సూపరింటెండెంటు, రోగుల తరఫున ఎవరో ఒక "ప్రముఖుడు". 2025లో అదే ఇందోర్ ఆసుపత్రిలో, నవజాత శిశువుల ఐసీయూలో ఇద్దరు పసికందుల్ని ఎలుకలు కరిచాయి. ఇద్దరూ చనిపోయారు. ఆ మరణాలకు ఎలుకకాటే కారణమా కాదా అన్నది వేరే వివాదం. ఎలుకల్ని తరమడానికి పుట్టిన సమితి ఇంటికే ఎలుకలు తిరిగొచ్చాయన్నది మాత్రం వివాదం లేని సంగతి.

ఇంతకంటే మంచి పాఠం మన దగ్గరే ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అదే ఏడాది ఆ జిల్లాలోనే సామాజిక తనిఖీ పాదయాత్ర సాగింది. ఆ తర్వాత, 2009లో, తనిఖీల కోసమే ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. ఊళ్లో నాలుగు అక్షరాలు వచ్చిన కూలీ కుటుంబాల పిల్లలకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు మస్టర్లు చేతబట్టుకుని ఇంటింటికీ తిరిగి, "నువ్వు పన్నెండు రోజులు పనికి పోయావంట, నిజమేనా?" అని అడిగారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ఎదుటే మైకులో చదివి వినిపించారు. చచ్చిపోయినవాళ్ల పేరున పడ్డ వేలిముద్రలు అలా బయటికొచ్చాయి. తిన్న సొమ్మంతా తిరిగి రాలేదు, నిజమే. అయినా సర్కారు కాగితాన్ని నిలబెట్టి అడగొచ్చని కూలీకి తెలిసింది.

మస్టరు చదివిన ఊరికి మందుల స్టాకు రిజిస్టరు చదవడం కష్టమా? డాక్టరు హాజరు పట్టీ, సమితి ఖాతా పాసుపుస్తకం చదవడం కష్టమా? 2007లో ఆరోగ్య సేవల మీద ప్రజా పర్యవేక్షణను ప్రయోగంగా తొమ్మిది రాష్ట్రాల్లో మొదలుపెడితే ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్ లేదు. సామాజిక తనిఖీలో దేశానికి దారి చూపుతున్న రాష్ట్రం పేరు అందులో కనపడకపోవడం విడ్డూరమే. మహారాష్ట్ర మాత్రం దాన్ని గట్టిగా పట్టుకుంది. ఊరివాళ్లే తమ ఆసుపత్రికి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో మార్కులేశారు, బహిరంగ విచారణల్లో వైద్యాధికారుల్ని ముఖాముఖి నిలదీశారు. మేఘాలయ 2017లో సామాజిక తనిఖీకి ఏకంగా ఒక చట్టమే చేసింది.

కేరళ ఇంకో అడుగు ముందుకేసి ఆసుపత్రినే అప్పగించింది. 1990ల నడుమ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు గ్రామ పంచాయతీల చేతికి, తాలూకా ఆసుపత్రులు మునిసిపాలిటీలు, బ్లాకు పంచాయతీల చేతికి, జిల్లా ఆసుపత్రులు జిల్లా పంచాయతీల చేతికి వచ్చాయి. 1996లో ప్రజా ప్రణాళిక మొదలై నిధులూ వెంట వచ్చాయి. వైద్యులు మొదట్లో ఒప్పుకోలేదు. జీతం, బదిలీ శాఖ చేతిలో, అజమాయిషీ పంచాయతీ చేతిలో ఉండడం వల్ల ఇద్దరు యజమానుల తలనొప్పి ఇప్పటికీ తీరలేదు. కానీ మంచాన పడ్డ ముసలివాళ్ల ఇంటికి నర్సు వెళ్లి పుండు కడిగి, మందు మార్చి వచ్చే పద్ధతి అక్కడ పంచాయతీల పనుల్లో భాగమైంది. 2008లో ఈ సేవకు ఒక విధానమే రాసుకున్నారు. మంచం పట్టినవాడు ఓపీ లెక్కలో కనపడడు. వార్డు మెంబరుకు కనపడతాడు, పక్కిల్లే కదా.

"ఆసుపత్రిలోకి రాజకీయాలు తెస్తారా?" అని పెద్దమనుషులు కసురుతారు. బదిలీకి సిఫార్సు ఉత్తరాలు, పారిశుధ్యం కాంట్రాక్టు ఎవరి బావమరిదికి అన్న పంచాయితీలు రాజకీయాలు కావు కాబోలు! ఏ మాత్ర రాయాలో డాక్టరుకు సర్పంచి చెప్పాలని ఎవరూ అనడం లేదు. పైగా రిజిస్టరు తెరిచి పెడితే ముందు ఊపిరి పీల్చుకునేది ఆ నర్సమ్మే. ఇండెంటు ఏ తేదీన పెట్టిందో, జిల్లా మందుల గోదాము నుంచి ఏ జవాబొచ్చిందో నలుగురిలో చదివితే ఆమె మీద పడే తిట్లు అసలు చిరునామాకు పోతాయి.

సీట్లు ఎవరివన్నది కూడా తేలాలి. బ్రెజిల్ 1990లో చేసిన చట్టం ప్రకారం పట్టణ స్థాయి నుంచి దేశ స్థాయి దాకా ప్రతి ఆరోగ్య మండలిలో సగం స్థానాలు సేవలు వాడుకునే ప్రజలవి. మిగతా సగాన్నే సిబ్బంది, యాజమాన్యాలు పంచుకుంటాయి. ఇంగ్లండులో 1974లో పెట్టిన ప్రజారోగ్య మండళ్లకు ఆసుపత్రి మూసివేతను ఎదిరించి మంత్రి దాకా తీసుకెళ్లే అధికారం ఉండేది. 2003లో అక్కడి ప్రభుత్వం వాటిని రద్దు చేసింది. నోరున్న కమిటీ ప్రభుత్వాలకు ఎక్కడైనా చేదే మరి.

ఇక్కడ మొదలుపెట్టడానికి కొత్త చట్టం దాకా ఆగక్కర్లేదు. అడగకముందే వివరాలు బయట పెట్టమని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను 2005 నుంచే చెబుతోంది. సమితిలో సగం మందిని గ్రామసభలో ఎన్నుకోవాలి, అందులో సగం ఆడవాళ్లుండాలి, ఆశా కార్యకర్త తప్పకుండా ఉండాలి. మూడు నెలలకోసారి ఆసుపత్రి వరండాలోనే, ఎవరైనా వచ్చి కూర్చునేలా, సమావేశం జరగాలి. అక్టోబరు 2 గ్రామసభలో మందుల రిజిస్టరు, పాసుపుస్తకం పైకి చదవాలి. ఆ నీలం బోర్డుకు కొత్త రంగు వేయించడానికి సమితి ఖాతాలో డబ్బుందో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇట్లు,
ప్రకాశం జిల్లా నుంచి ఒక పాఠకుడు