తప్పు గప్పీలది కాదు



ఇంటి అక్వేరియంపై మీ గత సంచికలో వచ్చిన వ్యాసంలో గప్పీలు మరీ సున్నితమైన చేపలనీ, కొత్తవి వారంలోపు చనిపోవడం మామూలేననీ రాశారు. ఒప్పుకోలేను. దోమల లార్వాను తినడానికి మురికి గుంటల్లో వదిలినా బతికే చేప ఇది. ఇంట్లో చచ్చిపోతోందంటే కారణం మన తొందరే.

తొట్టి కొన్న రోజే చేపలు వేసేస్తాం. వాటి విసర్జన, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఈలోగా చేప రెక్కలు ముడుచుకుని, నీటిపైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. ఆకలేమో అనుకుని మనం ఇంకో చిటికెడు మేత వేస్తాం! వేడి, పీహెచ్ పెరిగితే అమ్మోనియా ఎంత ప్రమాదమో కైకలూరు చేపల చెరువుల రైతులనడగండి. బెజవాడ ఎండల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఆర్వో నీళ్లు అక్కర్లేదు. గప్పీలకు ఖనిజాలున్న నీళ్లే పడతాయి. కుళాయి నీళ్లలో క్లోరిన్ మాత్రం పోగొట్టాలి. స్పాంజిని కుళాయి కింద కడగకుండా, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. టైగర్ బార్బ్‌లతో కలిపితే అవి గప్పీల తోకలు కొరికేస్తాయి.

ఎక్కువైన గప్పీ పిల్లల్ని ఏలూరు కాలువలో వదలమని ఆ వ్యాసంలో ఇచ్చిన సలహాను మాత్రం దయచేసి వెనక్కి తీసుకోండి. మన దేశవాళీ చిన్నచేపల తిండికీ చోటుకీ అవి పోటీకొస్తాయి. తెలిసినవాళ్లకివ్వండి, లేదా అమ్మిన షాపులోనే అడగండి.

— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ