తోటివారి చూపు

1885లో నెల్లూరు నుంచి ఒక పత్రిక వెలువడింది. పేరు అముద్రిత గ్రంథ చింతామణి, సంపాదకుడు పూండ్ల రామకృష్ణయ్య. చేయబోయే పని ఆ పేరులోనే ఉంది: అచ్చు మొహం చూడని కావ్యాలను వెదికి, పరిష్కరించి, పాఠకుల ముందు పెట్టడం. తాటాకు ప్రతులతో వేగినవారికి తెలుసు, ఒక ప్రతిలో ఉన్న మాట మరో ప్రతిలో ఉండదు. రాయసగాడి నిద్రమత్తు ఒక పాదాన్నే మింగేసి ఉండొచ్చు. ఏ పాఠం నిలవాలో తేల్చడానికి భాష రావాలి, ఛందస్సు రావాలి, అన్నిటికన్నా ముందు ఓపిక కావాలి. అదే పత్రికలో ఆనాటి గ్రంథాల మీద విమర్శలూ వచ్చేవి. పేరున్న పండితుల రచనల్లోనూ దోషం కనబడితే చూపించేవారు. వాదాలు రేగేవి. రామకృష్ణయ్యగారు 1904లో కన్నుమూశారు. ఆ వూరి నుంచే పత్రిక నడుపుతున్న మాకు ఆయన చేసిన పని తరచూ గుర్తొస్తుంది.

ఏది అచ్చుకు తగినదో తేల్చే ఆ పనిని ఇప్పటి పరిశోధన పత్రికలు ఎలా చేస్తాయని, వ్యాసాలను ఎలా ఎంచుతాయని ఈమధ్య యువ అధ్యాపకులు చాలామంది అడుగుతున్నారు. పద్ధతి చెప్పడానికి సులువే. సంపాదకుడు ముందు చదివి, పత్రిక పరిధిలోకి వస్తుందా అని చూస్తాడు. వస్తే, చాలాచోట్ల రచయిత పేరు తీసేసి, ఆ విషయం తెలిసిన ఇద్దరికి పంపుతాడు. వాళ్లు వేసుకోవచ్చనో, సవరించాలనో, వద్దనో రాసి పంపుతారు. ఇద్దరిదీ చెరో మాటైతే మూడోవారిని అడుగుతారు. దీన్నే తోటివారి పరిశీలన అంటారు. ఈ చదువరులకు సాధారణంగా పైసా ముట్టదు.

ఈ పద్ధతి మొదటినుంచీ ఉన్న ఆచారం కాదు. 1665లో లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ మొదలుపెట్టిన హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఏది వేయాలో తానే చూసుకున్నాడు. నేచర్ పత్రిక బయటివారి పరిశీలనను నియమంగా పెట్టుకున్నది 1973లోనే. అంతకుముందు 1936లో ఐన్‌స్టీన్, భౌతిక శాస్త్రవేత్త రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలు లేవని తేల్చిన ఒక వ్యాసాన్ని ఫిజికల్ రివ్యూకు పంపాడు. సంపాదకుడు దాన్ని మరొకరికి చూపించాడు. తన అనుమతి లేకుండా వేరేవాళ్లకు ఎందుకు చూపారని ఐన్‌స్టీన్ కోపగించుకుని వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. అయితే ఆ పేరు చెప్పని పరిశీలకుడు పట్టిన తప్పు నిజంగా తప్పే. మరుసటి ఏడాది వేరే పత్రికలో వచ్చేసరికి వ్యాసం ముగింపు మారిపోయింది. ఐన్‌స్టీన్ రచనను కూడా మరొకరికి చూపించిన ఆ సంపాదకుడంటే నాకు గొప్ప గౌరవం.

మన దగ్గర, భారతి పత్రికలో వ్యాసం పడిందంటే పండితులు తలెత్తి చూసేవారు. ఆ గౌరవం ఏ జాబితా వల్లా వచ్చింది కాదు, అక్కడ చదివి వేస్తారన్న నమ్మకం వల్ల వచ్చింది. ఇప్పుడు పదోన్నతికీ, కొన్నిచోట్ల పట్టాకూ వ్యాసాల లెక్క కావాలి. డబ్బు తీసుకుని, చదవకుండా వేసే పత్రికలు ఆ అవసరంలోంచే పుట్టాయి. యూజీసీ 2018లో తన ఆమోదిత పత్రికల జాబితా నుంచి 4,305 పత్రికలను తీసేసింది. తర్వాత కేర్ అని కొత్త జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఆపేసి, ఏది మంచి పత్రికో చూసుకునే భారం విద్యాసంస్థలకే వదిలింది. జాబితా ఉన్నా లేకపోయినా వ్యాసాన్ని చదవాల్సింది మనిషే కదా.

కానీ ఏ మనిషి? ఈ ప్రశ్న మమ్మల్ని నిరుడు గట్టిగా నిలదీసింది. మైపాడు, ఇసకపల్లి ప్రాంతాల్లో గంగపుత్రులు వాడే మాటల మీద ఒక వ్యాసం వచ్చింది. వలల పేర్లు, గాలుల పేర్లు, నీటి రంగును బట్టి చేపను పసిగట్టే తీరు. మేం ఆ వ్యాసం పంపిన పరిశీలకుడు పెద్ద భాషావేత్త. ఆధార గ్రంథాలు లేవన్న ఒక్క ముక్కతో తిప్పి పంపారు. మేమూ ఆ ఒక్క ముక్కనే రచయిత్రికి చేరవేశాం. అది మా తప్పు. ఆ మాటలకు గ్రంథాలు ఎక్కడినుంచి వస్తాయి? అవి పడవ మీద పుట్టాయి, ఒడ్డున ఎండాయి. వాటి విషయంలో తోటివారంటే యాభై ఏళ్లు వల లాగినవాళ్లు.

ఆ వ్యాసాన్ని మళ్లీ అడిగి తెప్పించుకున్నాం. ఈసారి భాషావేత్తతో పాటు, ఒడ్డున కూర్చున్న ఇద్దరు పెద్దలకూ చదివి వినిపించాం. వాళ్లు పదకొండు మాటల అర్థాలు సరిచేశారు. రెండు మాటలు తమ వాడుకలో లేవనీ, పక్క పల్లెవాళ్లవనీ చెప్పారు. రచయిత్రి ఆ పల్లెకూ వెళ్లి అడిగి వచ్చారు. భాషావేత్త కూడా మళ్లీ చదివి, ఉచ్చారణ రాసుకునే తీరు మీద నాలుగు పేజీల సలహా పంపారు. అది ఆమెకు బాగా పనికొచ్చింది.

ఇకమీదట మా దగ్గరికి వచ్చిన ప్రతి పరిశోధన వ్యాసాన్నీ ఇద్దరు చదువుతారు. వాళ్లలో ఒకరు వ్యాసం చెప్పే పనిలో, ఊళ్లో బతికినవారై ఉంటారు. వేయలేకపోతే ఎందుకు వేయలేకపోయామో మూడు నెలల లోపల కారణాలతో ఉత్తరం రాస్తాం. మైపాడు మాటల వ్యాసం ఈ సంచికలోనే ఉంది. చివర కృతజ్ఞతల్లో ఆ పెద్దల పేర్లు వేస్తామంటే వద్దన్నారు. అచ్చయ్యాక ఒక ప్రతి తెచ్చి తమకు చదివి వినిపించమన్నారు. వచ్చే ఆదివారం వెళ్తున్నాం.