తలనొప్పి చిరునామా

తెలుగువాళ్ళు తలనొప్పికి కొంత ఋణపడి ఉన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికను వారపత్రికగా, 1914లో మద్రాసులో దినపత్రికగా నడపడానికి ఆ వ్యాపారమే ఆయనకు అండ. ఎందరి కణతలు నొప్పెడితే మన పత్రికలు అచ్చయ్యాయో చూడండి! నుదుటికి రాసుకున్న మందు హాయినిస్తుంది, కాదనను. కాని చాలా తలనొప్పులు నుదుట పుట్టవు. నుదుట తేలతాయి, అంతే.

తలకు తువ్వాలు బిగించి కట్టినట్టు, రెండు పక్కలా ఒక్కలాగే, పోటు లేకుండా అదుముతూ ఉండే నొప్పి మీరెరిగినదే. అరగంటలో పోవచ్చు, వారం రోజులు వేలాడనూ వచ్చు. డాక్టర్లు దాన్ని టెన్షన్ తలనొప్పి అంటారు. టెన్షన్ అనగానే మనవాళ్ళకి అప్పులూ, పిల్ల పెళ్ళీ గుర్తొస్తాయి. వాటి వాటా వాటికి ఉంది. మెడ వాటా మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మా శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సంగతి వినని వారుండరు. అక్కడి ఆడవాళ్ళు వాలుగ చేప దవడ ఎముక పట్టుకుని, దాని సన్నని పళ్ళతో పత్తిని గింజ గింజకీ దువ్వుతారు. తరవాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చేసి ఎండిన అరటి డొప్పలో దాచడం, రాట్నం మీద వడకడం. నూరో నంబరు నూలు, ఆపైన కూడా, ఆ చేతుల్లోంచే వస్తుంది. చీర కట్టుకున్నవాళ్ళు నూలు సన్నదనం చూసి మురిసిపోతారు. ఆ పనిలో దువ్వడం దగ్గర్నుంచి వడకడం దాకా చూపు ఒళ్ళోనే ఉంటుందనీ, మెడ పూటపూటంతా వంగే ఉంటుందనీ ఎవరికీ తట్టదు. సాయంత్రమయ్యేసరికి తల పట్టేసిందంటే వింతేముంది?

మనిషి తల బరువు నాలుగున్నర, అయిదు కిలోలు. నిటారుగా కూర్చుంటే ఆ బరువు వెన్నెముక మీద నిలుస్తుంది. ముందుకు వాలిస్తే వెనక కండరాలు దాన్ని లాగి పట్టుకోవాలి. నిండు బిందె చంకన పెట్టుకోవడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఎంత తేడానో ఇల్లాళ్ళకి వేరే చెప్పాలా? పుర్రె అడుగున ఉన్న చిన్న చిన్న కండరాలు అలా గంటల తరబడి బిగుసుకుంటాయి.

మరి మెడ బిగిస్తే నుదురెందుకు నొప్పెట్టాలి? ముఖం నుంచి వచ్చే నరమూ, మెడ పైభాగం నుంచి వచ్చే మూడు నరాలూ మెదడు కిందుగా ఒకే చోట కలుస్తాయి. రెండు ఊళ్ళకీ ఒకటే పోస్టాఫీసు. మెడ రాసిన ఉత్తరం నుదురు పేర బట్వాడా అవుతుంది.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. దీర్ఘకాలం ఈ నొప్పి పడుతున్న పాతికమందినీ, నొప్పి లేని పాతికమందినీ స్పెయిన్ పరిశోధకులు పోల్చి చూసి 2006లో ప్రకటించారు. నొప్పి ఉన్నవారి తలలు ఎక్కువ ముందుకు వాలి ఉన్నాయి, మెడలు తక్కువ తిరిగాయి. అయితే వాలడం వల్ల నొప్పి వచ్చిందా, నొప్పి వల్ల వాలిందా అన్నది దానితో తేలదు. నా మట్టుకు, వంగడం కంటే వంగినవాళ్ళు కదలకపోవడమే అసలు దోషమని తోస్తుంది. జవాబు పత్రాలు దిద్దే మా జాతికి, సెల్‌ఫోనులో మునిగిన మా విద్యార్థులకి కూడా ఇదే వర్తిస్తుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది మందుల షాపు. రోజుకో బిళ్ళ చీటీ లేకుండా కొనుక్కుని, మింగి, మళ్ళీ పనిలో కూర్చునేవాళ్ళు మా వైపు కొల్లలు. మామూలు నొప్పి బిళ్ళయినా సరే, నెలకు పదిహేను రోజులూ అంతకుమించీ మూడు నెలలు దాటి వాడితే, ఆ బిళ్ళే తలనొప్పి తెస్తుంది. దానికి విరుగుడుగా మరో బిళ్ళ! ఇక లెక్క తెగదు. ఎప్పుడూ లేనంత నొప్పి పిడుగుపడ్డట్టు వచ్చినా, జ్వరంతో మెడ బిర్రబిగిసినా, చెయ్యీ కాలూ తిమ్మిరెక్కి మాట తడబడినా, యాభై దాటాక కొత్తగా నొప్పి మొదలైనా మాత్రం ఇవేవీ ఆలోచించక పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

మామూలు బాధకైతే అరగంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యండి. గడ్డం కొంచెం వెనక్కి లాగి, భుజాలు వదులు చేసి, మెడ మెల్లిగా అటూ ఇటూ తిప్పండి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ నుదుటి మీద కాదు, పుర్రె కింద వెయ్యండి. పనిని కళ్ళకు దగ్గరగా ఎత్తండి, కళ్ళను పనిలోకి దింపకండి. వెనకటి గుమాస్తాలు ఏటవాలు రాతబల్ల ఊరికే పెట్టుకోలేదు. మా ఇంట్లోనూ ఒకటుంది. ఇన్నాళ్ళూ అటక మీద ఉల్లిపాయలు మోసింది, ఈ వేసవిలో పేపర్లు దిద్దే వేళకి దించాలి.