ఓర్చుకోమనడమే వైద్యమా?

నిరుడు వానాకాలంలో, భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక గూడెం నుంచి ఒక కోయ అమ్మాయిని ఆసుపత్రికి తెచ్చాం. వాగు దాకా డోలీ, వాగు దాటాక ఆటో. తొలి కాన్పు. తెల్లవార్లూ అరిచింది. ‘‘మొగుడి దగ్గరికి పోయినప్పుడు తెలియలేదా? నోరు మూసుకో’’ అన్నది డ్యూటీలో ఉన్నామె. ఆ పిల్లకు తెలుగు సగమే వచ్చు. తిట్టు మాత్రం పూర్తిగా అర్థమైంది. పొద్దున్నే బిడ్డ పుట్టింది. రిజిస్టరులో అది ‘సుఖప్రసవం’.

నొప్పి తగ్గించడానికి పీల్చే గ్యాసు ఉంటుంది కదా అని నేనడిగాను. ‘‘వీళ్లకు రక్తమే లేదు. గ్యాసు ఇస్తే బి.పి. పడిపోయి గుండె ఆగుతుంది’’ అన్నారు. ఆ మాట నిజమా, నెపమా? మన కార్యకర్తలందరం తెలుసుకోవలసిన విషయమిది.

తల్లి గుండె గురించిన ఈ భయం కొత్తది కాదు. 1888, 1889లలో ఆరో నిజాం ఖర్చుతో ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెండు క్లోరోఫాం కమిషన్లు నడిపాడు. క్లోరోఫాం ముందుగా ఆపేది శ్వాసనా, గుండెనా అన్నది ప్రశ్న. శ్వాసనే, గుండెకు భయం లేదు అని తేల్చారు. 1911లో ఇంగ్లండులో లెవీ చేసిన ప్రయోగాలు ఆ ధీమా తప్పని చూపించాయి. క్లోరోఫాం గుండె లయను చెడగొట్టి ప్రాణం తీయగలదు. కాబట్టి భయపడి అడగడం తప్పు కాదు. అయితే ఒక మందు మీది భయాన్ని ఇంకో మందు మీదికి తోయకూడదు.

ఇప్పుడు కాన్పు గదుల్లో వాడే ఎంటోనాక్స్ వేరు. సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ నూటికి 21 పాళ్లు, ఇందులో 50. ఇంగ్లండులో 1936 నుంచే మంత్రసానులు నైట్రస్ ఆక్సైడ్, గాలి కలిపి ఇచ్చే యంత్రాన్ని డాక్టరు పక్కన లేకుండా వాడారు. 1965 నుంచి ఎంటోనాక్స్‌కూ అనుమతి వచ్చింది. దీనికి మత్తు డాక్టరు అవసరం లేదు. శిక్షణ ఉన్న నర్సు చాలు.

రక్తప్రసరణ సంగతి చూద్దాం. నొప్పి వచ్చినప్పుడల్లా గర్భసంచి బిగుసుకుని 300 నుంచి 500 మిల్లీలీటర్ల రక్తాన్ని ఒంట్లోకి నెడుతుంది. భయం, బాధ కలిసి గుండె వేగాన్నీ బి.పి.నీ ఇంకా పెంచుతాయి. రక్తహీనత ఉన్న తల్లి గుండె అప్పటికే రెట్టింపు చాకిరీ చేస్తుంటుంది. అంటే నొప్పి కూడా ఆ గుండె మీద బరువే. ఈ గ్యాసు బి.పి.ని పెద్దగా మార్చదు. వెన్నులో ఇచ్చే మత్తు ఇంజక్షనుతో బి.పి. పడిపోవచ్చు కనుక దానికి మత్తు డాక్టరూ సెలైనూ కావాలి. ఎంటోనాక్స్ మాస్కు తీసిన కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది.

దీన్ని సర్వరోగ నివారిణి అని నేననను. నొప్పి పూర్తిగా పోదు. కొందరికి తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. నొప్పి మొదలవగానే పీల్చాలి, ఆగగానే ఆపాలి. మాస్కు తల్లి చేతిలోనే ఉండాలి. మత్తు ఎక్కువైతే చెయ్యి దానంతటదే జారుతుంది, అదే ఆమెకు రక్షణ. అత్తో, ఆయమ్మో ముఖానికి అదిమి పట్టుకోకూడదు. పెథిడిన్ ఇంజక్షను ఇచ్చి ఉంటే నొప్పికీ నొప్పికీ మధ్య శ్వాస మందగించి ఆక్సిజన్ తగ్గవచ్చు, కనిపెట్టి చూడాలి. వెల్లకిలా పడుకోబెడితే గర్భసంచి పెద్ద రక్తనాళాన్ని నొక్కి బి.పి. పడిపోతుంది. ఆ నేరం గ్యాసుది కాదు, పక్కకు తిప్పి పడుకోబెట్టని మనది. బి12 విటమిన్ బాగా తక్కువున్న వారికి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన వారికి ఇది ఇవ్వకూడదు. గదిలో గాలి ఆడకపోతే రోజూ అక్కడే పనిచేసే నర్సులకు హాని.

మరి రక్తహీనత? హిమోగ్లోబిన్ 7 కన్నా తక్కువున్న తల్లికి ముందు కావలసింది రక్తం. గ్యాసు దానికి బదులు కాదు, గ్యాసు మానేస్తే రక్తం రాదు. సికిల్ సెల్ మన ఏజెన్సీ గూడేల్లో ఉన్నదే. వేరే దేశాల్లో ఆ జబ్బు నొప్పులకు కూడా ఇదే గ్యాసు వాడారు. ‘వీళ్లకు రక్తం లేదు’ అన్నది పరీక్ష చేయడానికి, రక్తం సిద్ధం చేయడానికి కారణం కావాలి. తిట్టడానికి కాదు.

ఇంకో సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు సిజేరియన్లే, దేశంలోకెల్లా ఎక్కువ. ‘ఈ నొప్పి నావల్ల కాదు, కోసేయండి’ అని ఆడవాళ్లే అడుగుతున్నారని డాక్టర్లంటారు. కోత తప్ప నొప్పికి ఇంకో దారి చూపకపోతే ఆమె ఏమడుగుతుంది? ఒక చోట అవసరం లేని కత్తి, ఇంకో చోట మందే లేని అరుపు. రెండు చోట్లా ఆమె మాట వినేవారు లేరు.

2017లోనే తెలంగాణలో మిడ్‌వైఫ్ శిక్షణ మొదలైంది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన ‘లక్ష్య’ కార్యక్రమం కాన్పు గదిలో గౌరవం గురించి మాట్లాడింది. ఆ మాటలు అడవి అంచు దాకా రావాలి. కాన్పులు జరిగే ప్రతి ఏజెన్సీ ఆసుపత్రిలో గ్యాసు, గాలి ఆడే గది, శిక్షణ పొందిన నర్సు కావాలి. నెలలు నిండక ముందే కోయ భాషలో వివరించి, ఇష్టాన్ని అడగాలి. తోడుగా ఒక ఆడమనిషిని లోపలికి రానివ్వాలి. ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఎన్ని కాన్పులయ్యాయని మాత్రమే అడక్కండి. నొప్పికి ఏమిచ్చారని కూడా అడగండి.

ఆ అమ్మాయికి ఇప్పుడు మళ్లీ అయిదో నెల. ‘‘అక్కా, ఈసారి ఇంటికాడ్నే కంట’’ అంటోంది. ఆమె ఒంట్లో రక్తం తక్కువ. ఇంటి దగ్గర కంటే ప్రాణానికి ముప్పని నాకు తెలుసు. అయినా ఏ మొహం పెట్టుకుని ఆమెను ఆ గదిలోకి మళ్లీ రమ్మనాలి? మనకు నాలుగు నెలల గడువుంది.