కళ్ళు మూసుకోమంటే సరిపోదు సార్

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో అప్పుడప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ క్లాసు అని పెడతారు. ఎవరో సార్ వస్తారు, పిల్లలందర్నీ వరండాలో కూర్చోబెడతారు, కళ్ళు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు. తర్వాత ఫోటోలు, అంతే. ధ్యానం చెడ్డదని నేననట్లేదు. నాకు దానితో మేలే జరిగింది. నా గొడవల్లా మన పిల్లల చేత దాన్ని చేయించే పద్ధతి మీద.

నేను చదివిన హాస్టల్లో అలాంటి క్లాసులోనే "మీ ఇల్లు గుర్తు తెచ్చుకోండి, మనసు ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు. ఏడో తరగతి తమ్ముడొకడు వణికిపోతూ ఏడ్చాడు. ఆ ఏడాది వానాకాలంలో వాళ్ళ నాన్నని డోలీలో మోసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. డోలీ వెనకాల నడిచింది వీడే. క్లాసు పాడు చేస్తున్నాడని బయటికి పంపేశారు.

దెబ్బతిన్న మనసు కళ్ళు మూసుకుంటే ఆ చీకట్లో మళ్ళీ అదే కనపడుద్ది. ఊపిరి మీద దృష్టి పెట్టమంటే గుండె దడే ఎక్కువ వినపడుద్ది. ఇది నా సొంత కవిత్వం కాదు. డేవిడ్ ట్రెలీవెన్ అనే ఆయన 2018లో దీని మీదే ఒక పుస్తకం రాశారు. అసలు 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ ఈ కోర్సు మొదలుపెట్టింది తీరని నొప్పులతో బాధపడే పెద్దవాళ్ళ కోసం. ఎనిమిది వారాలు, ఇష్టపడి వచ్చినవాళ్ళకి. మనకేమో వార్డెన్ లైన్లో నిలబెట్టి తెచ్చిన పన్నెండేళ్ళ పిల్లలకి, ఒక్క గంట! బ్రిటన్‌లో ఎనిమిది వేల పైచిలుకు పిల్లలతో బడుల్లో ఇదే చేయించి చూశారు. మామూలుగా బడిలో జరిగేదానికంటే ఎక్కువ మేలు కనపడలేదని 2022లో తేల్చారు.

మరి ఏం చెయ్యాలి? కళ్ళు తెరిచే ఉంచొచ్చని చెప్పాలి. వద్దంటే లేచి వెళ్ళనివ్వాలి. కూర్చోలేనివాడిని చెట్టు కింద నడవనివ్వాలి, పాదం కింద నేలని గమనించమంటే చాలు. "నీకేం రోగంరా" అనే బదులు "ఏం జరిగింది నాన్నా" అని అడగాలి. అదీ వాడి భాషలో. కోయలోనో, గోండీలోనో, కువిలోనో, సవరలోనో కలలు కనే పిల్లాడు తెలుగులో దుఃఖం ఎట్లా చెప్తాడు? మన భాష వచ్చిన ఆయమ్మ, వంట అక్క ఎన్నోసార్లు ఆ పని చేస్తూనే ఉన్నారు, ఎవరూ లెక్కలో వెయ్యరు.

పెద్దవాళ్ళ సంగతి కూడా అంతే. బర్నౌట్ అంటే పనిచోట ఎడతెగని ఒత్తిడిని సరిచెయ్యకుండా వదిలేస్తే వచ్చేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. నెలల తరబడి జీతం రాని సీఆర్టీ మేడమ్‌ని గట్టిగా ఊపిరి పీల్చుకోమంటే ఏం లాభం? మనలోనూ ఉన్నారు, కుల ధృవీకరణ పత్రం నుంచి రక్తం దాకా రాత్రి పన్నెండింటికి కూడా ఫోన్ ఎత్తే సీనియర్లు. వాళ్ళకి వారంలో రెండు రోజులు సెలవిద్దాం, నంబర్లు పంచుకుందాం.

ఇక అసలు విషయం. విశాఖలో నీట్ చదువుతున్న విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక శిక్షణ పొందిన కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలిమానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనపడేట్టు పెట్టాలి. మన ఆశ్రమ పాఠశాలలు చాలావాటిలో వంద కంటే ఎక్కువే ఉంటారు. కాబట్టి ఇది దయ కాదు, మనకి రావాల్సింది.

టెలిమానస్ నంబరు 14416. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. కానీ హాస్టల్లో ఫోన్ వార్డెన్ గదిలో ఉంటుంది. వార్డెన్ కొట్టాడని చెప్పుకోవాలన్నా వార్డెన్ ముందే చెప్పాలి! అందుకే ఈసారి ఐటీడీఏ గ్రీవెన్స్‌కి వెళ్ళేవాళ్ళు అర్జీలో మూడే రాయండి: మన భాష వచ్చిన కౌన్సిలర్, సిబ్బందికి శిక్షణ, వార్డెన్ గది బయట ఒక ఫోన్. రసీదు తీసుకోవడం మర్చిపోకండి.