కూలి డబ్బు నిలవదా? నిలవనిస్తున్నారా?

అన్నవరం కొండ కింద టీ కొట్టు దగ్గర ఓ మాట ఎప్పుడూ వినపడతానే ఉంటుంది. "పేటోళ్ళ చేతిలో డబ్బు నిలవదండీ. శనివారం కూలి, సోమవారం అప్పు." ఈ మాట అనేది కూలిచ్చే ఆసామి. సోమవారం అప్పిచ్చేదీ ఆయనే!

అయ్యా, మా లెక్క మేమే చెబుతాం, వినండి. కూలి చేతిలో పడకముందే అడ్వాన్సు కింద కొంత కోస్తారు. మిగిలింది పచారీ కొట్టు బాకీకీ, వారం కిస్తీకీ పోద్ది. ఇది దుబారానా? తినేసిన గంజికి బాకీ తీర్చడం. పెళ్ళిళ్ళ రోజుల్లో మా బాజావాళ్ళకీ, సామాను మోసేవాళ్ళకీ నాలుగు రూపాయలు. మూఢం వచ్చిందా, పొయ్యిలో పిల్లి లేవదు. ముహూర్తాలకి మూఢం ఉంది, ఆకలికి ఉందా?

మేం బడిపంతులం. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదలు. మా మొదటి జీతం సాయంత్రానికే అయిపోయింది. నాన్న పాలేరుగా పడ్డ బాకీ తీర్చాం. "అప్పుడే అయిపోయిందా మాస్టారూ" అని తోటివాళ్ళు నవ్వారు. వాళ్ళకి తాతలిచ్చిన పొలం ఉంది. మాకు తాతలిచ్చిన బాకీ ఉంది. తేడా అదీ!

1946లో బాబాసాహెబ్ కార్మిక శాఖ చూస్తూ కనీస వేతనాల బిల్లు పెట్టారు. 1948లో చట్టమయింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 15 రోజుల్లో కూలివ్వాలంది. ఎన్నిసార్లు నెలలు ఆగామో మన కడుపులకి తెలుసు. 2010లో సూక్ష్మరుణ కంపెనీల వసూళ్ళు తట్టుకోలేక జనం ప్రాణాలు తీసుకుంటే సర్కారు ఆర్డినెన్సు తెచ్చింది. వాళ్ళంతా జల్సా చేసి చచ్చారా?

మనలోనూ తప్పుంది, దాచొద్దు. దారిలోనే కూలి తాగేసి వచ్చేవాళ్ళున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా, 1995లో మద్యం మొత్తం ఆగాయి. 1997లో మద్యనిషేధం ఎత్తేసిందెవరు? సర్కారే. మన తాగుడుతో ఖజానా నింపుకుని మనకే పొదుపు పాఠాలా?

సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! కూలి లెక్క కాగితం మీద రాయించుకుందాం. అడ్వాన్సు కోతకి చీటీ అడుగుదాం. పేటలో పొదుపు పెట్టె పెడదాం, తాళం ఆడవాళ్ళ చేతికిద్దాం. కానీ ఒకటి మరవొద్దు. చాలని కూలిలోంచి పొదుపు పుట్టదు. ముందు కూలి పెంచమని అడగాలి. ఒక్కడు అడిగితే పని పోద్ది. పేటంతా అడిగితే కూలి పెరుగుద్ది.

జై భీమ్!