ఆరోగ్యపుటము: కాలిపుండును, శస్త్రవైద్యుల లెక్కయు

ఈ మాసము మన పుటలో కాళ్ళను గూర్చి వ్రాయుచున్నాను. ముఖమునకును కేశములకును చేయు శుశ్రూషలో పదవవంతైనను మనము కాళ్ళకు చేయము. పాదములకు పసుపు రాచుకొందుము గాని, చీరకుచ్చెళ్ళ మాటున పిక్కలయం దేమి జరుగుచున్నదో చూచుకొనువారు కొలదిమందియే. మైలవరము చుట్టుపట్ల మెట్టయూళ్ళలో మిరపకోతకును ప్రత్తితీతకును పోవు స్త్రీలు ప్రొద్దుట నిలుచున్నవారు ప్రొద్దుగ్రుంకువరకు నిలిచియే యుందురు. ఇంటిపట్టున నుండువారి స్థితియు నంత మేలుగా లేదు. పొయ్యి నేలమీదినుండి గట్టుమీది కెక్కిన నాటినుండి వంట యంతయు నిలువుకాళ్ళమీదనే సాగుచున్నది. మైలవర మనగానే పెద్దలకు నాటకసమాజము జ్ఞప్తికి వచ్చును. తెల్లవార్లు రంగస్థలముపై నిలిచి పద్యములు పాడిన యా నటుల కాళ్ళెంత నొచ్చెనో యని నాకు తోచుచుండును.

మన యిండ్లలో కాలినరాలు ఉబ్బిన వందురు. నిజమునకవి నరములు కావు. స్పర్శను, నొప్పిని మెదడునకు తెలుపునవి నరములు. గుండెనుండి రక్తమును తెచ్చునవి ధమనులు. ఆ రక్తమును మరల గుండెకు గొనిపోవునవి సిరలు. ఉబ్బి, మెలికలు తిరిగి, చర్మము క్రింద నీలముగా కనబడున వీ సిరలే. సుశ్రుతుడును సిరలయందు పుట్టు గ్రంథిని వేఱుగా పేర్కొనియున్నాడు. ఈ భేద మెఱుగక, నరముల బలమునకని సీసాలకు సీసాలు కొని త్రాగువారు గలరు. ఆ ధనము వ్యర్థము.

గుండెనుండి పాదమునకు రక్తము దిగుట సులభము. పాదమునుండి మీదికెక్కుటయే కష్టము. నడచునపుడు పిక్కకండరములు బిగిసి, సిరలను పిండి, రక్తమును పైకి నెట్టును. నెట్టిన రక్తము మరల క్రిందికి జారకుండ సిరలలో చిన్నచిన్న తలుపులున్నవి. వీనిని కవాటము లందురు. పాదువా నగరమున ఫాబ్రిషియసు అను శస్త్రవైద్యుడు 1603వ సంవత్సరమున వీనిని వర్ణించుచు గ్రంథము ప్రకటించెను. అవి యెందుకున్నవో యాతనికి సరిగా బోధపడలేదు. ఆతని శిష్యుడైన హార్వే 1628లో రక్తము శరీరమున చుట్టి చుట్టి వచ్చుచున్నదని నిరూపించినపుడే యా తలుపుల ప్రయోజనము వెల్లడియైనది. గర్భభారము వలనను, స్థూలకాయము వలనను, వంశపారంపర్యముగను, నడక లేక గంటలకొలది నిలుచుట వలనను ఈ తలుపులు వదులగును. అపుడు రక్తము క్రిందనే నిలిచి సిర యుబ్బును.

ఉబ్బుట మొదటి మెట్టు మాత్రమే. పిమ్మట సాయంకాలము కాలు బరువెక్కును. చీలమండ లోపలిప్రక్క చర్మము నల్లబడి దురద పెట్టును. ఒకనాడు గోరు గీచుకొనియో, కంప గీచుకొనియో చిన్న గాయమగును. అది మానదు. నెలలు గడచును, కొందఱికి సంవత్సరములు గడచును. పసుపు పెట్టుదురు, ఆకుపసరు పిండుదురు, పాతగుడ్డ చుట్టుదురు. వాసన యితరులకు తెలియునేమో యని పేరంటములకు పోవుట మానుదురు. ఇంటిలో మగవారికి చెప్పుటకు సిగ్గు. ఇట్టి పుండుతో పదియేండ్లు వంటచేసిన యిల్లాండ్రు మన యెఱుకలోనే యుందురు. ఇది పాపఫలము కాదు, చెడురక్తము కాదు. తలుపు చెడిన గొట్టమున నిలిచిపోయిన రక్తపుటొత్తిడి, అంతియే.

ఒత్తిడికి ప్రతిగా బయటినుండి ఒత్తిడి కలిగించినచో పుండు మానునని వైద్యు లెప్పుడో గ్రహించిరి. 1885లో ఉన్నా అను జర్మనీవైద్యుడు జింకుముద్ద పూసిన కట్టును వాడుకలోనికి తెచ్చెను. 1890 ప్రాంతమున బాన్ నగరమున ట్రెండెలెన్‌బర్గు అను శస్త్రవైద్యుడు తొడయందలి పెద్ద సిరను ముడివేసి, పైనుండి జారు రక్తము నాపెను. తరువాతి వారు ఆ సిరను పూర్తిగా లాగివేయు పద్ధతులు కనిపెట్టిరి. నూఱేండ్లకు పైగా నీ శస్త్రచికిత్స సాగినది. కట్టు కట్టినవారు కట్టే మేలనిరి; కోసినవారు కోతయే మేలనిరి. రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి లెక్క తేల్చు పెద్ద పరీక్ష మాత్రము చాలకాలమునకు గాని రాలేదు.

ఆ పరీక్ష ఇంగ్లండున జరిగినది. కాలిపుండు గల 500 మందిని చేర్చుకొని, ఎవరికే చికిత్స యని వైద్యుడు తన యిష్టమువచ్చినట్లు నిర్ణయింపక, చీటి వేసినట్లుగా విభజించిరి. చీటి యెందుకని మీరడుగవచ్చును. వైద్యుడే యెంచుకొన్నచో, తేలికగా మానునట్టి రోగిని తనకు ప్రియమైన చికిత్సలోనికి తెలియకయే చేర్చుకొనును. అపుడు మానినది చికిత్స వలననో, రోగి బలము వలననో తెలియదు. ఒక భాగమువారికి గట్టి కట్టు మాత్రమే కట్టిరి. రెండవ భాగమువారికి కట్టుతోపాటు సిరకు శస్త్రచికిత్సయు చేసిరి. 2004లో ఫలితములు ప్రకటించిరి. ఇరువదినాలుగు వారములలో పుండు మానినవారు ఇరుప్రక్కల నూటికి 65 మందియే! కోత వలన పుండు త్వరగా మానలేదు. కత్తి పట్టినవారే, కత్తి వలన ఈ లాభము లేదని లోకమునకు చాటిరి. ఇట్టి నిజాయితీ నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది.

కాని లెక్క అంతటితో ముగియలేదు. మానిన పుండు ఒక సంవత్సరములో మరల తెఱచుకొనుట కట్టు మాత్రమే కట్టినవారిలో నూటికి 28, శస్త్రచికిత్సయు పొందినవారిలో 12. నాలుగేండ్లు వెంబడించి 2007లో ప్రకటించిన లెక్కలో అవి క్రమముగా 56, 31 అయినవి. అనగా మాన్పునది కట్టు, మరల రాకుండ కాపాడునది సిరచికిత్స. అచటి రోగులలో పలువురు వృద్ధులు. మన పొలములలో నడివయస్సునందే ఈ పుండ్లు పడిన స్త్రీలకు, ముందు జీవితము చాల యున్నది గనుక, మరల రాకుండుట మఱింత ముఖ్యమని నా యభిప్రాయము.

ఈ నడుమ కోతయే తగ్గినది. సన్నని తీగను సిరలోనికి పంపి, లేసరు వేడిమితోనో, రేడియో తరంగముల వేడిమితోనో లోపలనుండి మూసివేయుచున్నారు. మందునురుగు ఎక్కించుటయు కలదు. ఇట్టి చికిత్సను పుండు మానిన పిదప చేయవలెనా, మానకమునుపే చేయవలెనా యని ఇంగ్లండు శస్త్రవైద్యులు మరల 450 మందిలో పరీక్షించి 2018లో ప్రకటించిరి. వెంటనే చేసినవారికి పుండు మానుటకు నడిమిలెక్కగా 56 దినములు, ఆలసించినవారికి 82 దినములు పట్టినవి. ఇరువదియాఱు దినములు! పుండుకాలితో నీళ్ళు మోయు స్త్రీకి అది స్వల్పము కాదు.

ఇచట నొక హెచ్చరిక. చదివిన వెంటనే ఇంటిలో గట్టిగా కట్టు కట్టుకొనవలదు. మధుమేహము గలవారికిని, పొగాకు అలవాటు గలవారికిని ధమనులే పూడి, పాదమునకు రక్తము చాలకుండ నుండవచ్చును. అట్టి కాలిని బిగించినచో ఉన్న రక్తమును ఆపినట్లగును. వ్రేళ్ళు కుళ్ళిపోవు నపాయము గలదు. కావున ముందుగా చీలమండయందును చేతియందును రక్తపుపోటు కొలిచి సరిపోల్చవలెను. ఆ పిదప గర్భిణులకు చేయు స్కానింగువంటి దానితోనే, నొప్పి లేకుండ, ఏ తలుపు చెడినదో చూడవచ్చును.

పురుటాండ్ర విషయము వేఱుగా చెప్పవలసియున్నది. ప్రసవమైన పిమ్మట ఒక్క కాలు మాత్రమే వాచి, పిక్క నొచ్చి, వెచ్చబడినచో అది బాలింతవాపని ఊరకుండరాదు. లోపలి సిరలో రక్తము గడ్డ కట్టియుండవచ్చును. పూర్వము పాలు కాలిలోనికి దిగినవని యూరపులోను నమ్మెడివారు. 1823లో లండనునందు డేవిస్ అను వైద్యుడు ఇది సిరల వ్యాధియని చూపెను. గడ్డ కదలి ఊపిరితిత్తులకు పోయిన ప్రాణాపాయము. 1931లో బోస్టను నగరమున శస్త్రచికిత్సానంతరము ఇట్లే ప్రమాదమునబడిన యొక స్త్రీ చెంత గిబ్బన్ అను యువవైద్యుడు రాత్రియంతయు కూర్చుండెను. ఉదయమున గడ్డను తీసిరి గాని యామె బ్రతుకలేదు. గుండెపని, ఊపిరిపని కొంతసేపు యంత్రము చేసిన నామె బ్రతికియుండెడిది గదా యని యాతనికి తోచెను. ఆ యంత్రమునకై యాతడును, ప్రయోగశాలలో తోడుగా నిలిచిన భార్య మేరీయు ఏండ్లతరబడి శ్రమించిరి. 1953 మే 6వ తేదీన ఫిలడెల్ఫియాలో ఆ యంత్రముతో పదునెనిమిదేండ్ల బాలిక గుండెలోని రంధ్రమును కుట్టి బ్రతికించెను.

గడ్డ మెదడు సిరలలోను కట్టవచ్చును. హైదరాబాదు నిజాము వైద్యవిజ్ఞానసంస్థ వైద్యులు అట్టి 428 మంది రోగుల వివరములను 2012లో ప్రకటించిరి. వారిలో రమారమి పదవవంతు బాలింతలు. రక్తహీనత గలవారు నూటికి 18 మంది. పురుటాలికి దాహమిచ్చిన చలువ చేయునని నీళ్ళు కుదించు నాచారము మన యిండ్లలో నింకను కొన్నిచోట్ల గలదు. అత్తగారైనను, అమ్మగారైనను సరే, ఆ చెంబు ఆమె చేతి కందునట్లు మంచముప్రక్కనే పెట్టుడు. వైద్యు డనుమతించినంతనే రెండడుగులు నడువనిండు. తలనొప్పి విడువక, మూర్ఛ వచ్చినను, రొమ్మునొప్పితో ఆయాసము వచ్చినను, ఆ గడియలోనే విజయవాడ పెద్దాసుపత్రికి బయలుదేరుడు. కొండపల్లి మీదుగా పోవు నా దారి యిప్పుడు దూరము కాదు.

కాలిపుండు గలవారు వైద్యుని యనుమతితో బిగువు మేజోళ్ళు వాడునపుడు, వానిని ఉదయమున మంచము దిగకమునుపే తొడుగుకొనవలెను. దిగి తిరిగిన పిదప కాలు వాచును, మేజోడెక్కదు. వ్రేళ్ళ మొదటినుండి మోకాలి క్రిందివరకు ముడతలు లేకుండ సవరింపవలెను. చీలమండవద్ద బిగువు హెచ్చుగను, పైకి పోనుపోను తక్కువగను ఉండవలెను. రాత్రి విప్పి, సబ్బునీట నుతికి, నీడ నారవేయుడు. ఎండలో వేసిన సాగుడు చెడును.